లాగితే వస్తాది, ఇడిస్తే పోదు: మా కారు హ్యాండ్‌బ్రేకుతో పన్నెండేళ్లు

మాది 2013లో కొన్న చిన్న పెట్రోలు కారు. వెనక రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, సీట్ల మధ్యన చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజను, ఏసీ వాటి పని అవి చేసుకుపోయాయి. నన్ను ఏడిపించింది ఈ హ్యాండ్‌బ్రేకే. లివరు లాగిన లాగుడును వెనక చక్రాలకు చేర్చే కేబుళ్లు రెండుసార్లు మార్పించాక, ఇప్పుడున్నవి వేయించి రెండేళ్లు దాటాక రాస్తున్నాను.

మొదటి ఎనిమిదేళ్లు దాని ఊసే లేదు. 2021 నవంబరులో మా కడప జిల్లాలో వానలు దంచి కొట్టాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. మేము ఇల్లు కదల్లేదు. బండి తొమ్మిది రోజులు వాకిట్లోనే తడిసింది. మా వాకిలి రోడ్డు వైపుకు వాలుగా ఉంటుంది, పైగా పరిచింది నాపరాళ్లు, తడిస్తే నున్నగా జారతాయి. లివరు లాగుతుంటే టక్ టక్‌మని వినిపిస్తుంది కదా, అందుకని రెండు టక్కులు ఎక్కువే లాగి పెట్టడం నా అలవాటు. పదో రోజు తీయబోతే బండి కదల్లేదు. మా బామ్మర్ది "నువ్వు లెయ్ బావా, నేను చూస్తా" అని కూర్చుని రేసిచ్చాడు. ఎడమ వెనక చక్రం తిరగకుండానే ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ నల్ల గీత నాపరాళ్ల మీద చాన్నాళ్లు ఉండింది.

డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప గిన్నె. దాని లోపల షూలనే రెండు వంపు ముక్కలు ఉంటాయి, బ్రేకు వేస్తే డ్రమ్మును అదిమేవి అవే. వాటి మీదుండే రాపిడి పొర లైనరు. తడి లైనరును డ్రమ్ముకు అదిమి రోజుల తరబడి వదిలేస్తే మధ్యలో తుప్పు లేచి రెండూ కరుచుకుపోతాయి. ఇది జబ్బు కాదు, పడిశం లాంటిది. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించి, రివర్స్ గేరు వేసి, క్లచ్ సగం వదులుతూ మెల్లగా ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు ఊపితే "టప్"మని ఊడుతుంది. ఊడకపోతే చక్రం విప్పి, చెక్క ముక్క అడ్డం పెట్టి డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టాలి. మా బామ్మర్దిలా రేసిస్తే ఒక్కోసారి లైనరు షూ నుంచి ఊడొస్తుంది. అప్పుడు పదంతల ఖర్చు.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. ఆ తర్వాత బండి కాస్త బరువుగా లాగిన ప్రతిసారీ షూ అంటుకుంది, అదే ఊడుతుందిలే అని వదిలేశాను. మైలేజీ లీటరుకు 17 నుంచి 14కు పడిపోయినా పెట్రోలు బంకు మీదే అనుమానపడ్డాను, పాపం.

రెండు నెలలకు రాయచోటి వెళుతూ, గువ్వలచెరువు ఘాటు ఎక్కి కోవా కోసం బండి ఆపాం. దిగగానే కమురు వాసన. కోవా బట్టీల దగ్గర పాలు మాడాయేమో అంది మా ఆవిడ. ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు చల్లితే చుయ్యిమన్నాయి. కుడి చక్రం మాత్రం గోరువెచ్చగా ఉంది. ఘాటు దిగి వచ్చుంటే బ్రేకులు తొక్కి తొక్కి కాలాయి అనుకోవచ్చు. మేము ఎక్కి వచ్చాం. బ్రేకు మీద కాలు పెట్టిందే తక్కువ. అంటే ఆ చక్రాన్ని ఏదో దారి పొడుగునా పట్టుకునే ఉంది. డ్యాష్‌బోర్డు మీద హ్యాండ్‌బ్రేకు ఎర్ర లైటు మాత్రం వెలగలేదు. ఎలా వెలుగుతుంది? దాని స్విచ్చు ఉండేది లివరు దగ్గర. లివరు కిందికి దిగితే చాలు, చక్రం దగ్గర ఏం జరుగుతోందో దానికి తెలియదు.

ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడు మాకు, అందరం భాయ్ అంటాం. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఎడమ వైపు జాకీ ఎత్తి, లివరు దించి చక్రం తిప్పమన్నాడు. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. డ్రమ్ము ఊడదీసి లోపల షూకు ఉన్న చిన్న లివరు నుంచి కేబులు కొస తప్పించాడు. షూలు రెండూ టక్కున దగ్గరికి ముడుచుకున్నాయి. స్ప్రింగులు బాగున్నాయి, కాలి బ్రేకు తొక్కితే షూలను తోసే వీల్ సిలిండరు కారడం లేదు. దొంగ దొరికినట్టే.

"షూ కాదన్నా, కేబులు. లాగితే వస్తాది, ఇడిస్తే పోదు" అన్నాడు. కేబులు పై తొడుగు చక్రం దగ్గర వంపు తిరిగే చోట చిట్లి ఉంది. అందులోంచి నీళ్లు దిగి లోపలి ఉక్కు తీగలు తుప్పు పట్టాయి. చేత్తో లాగేటప్పుడు మన బలం ఉంటుంది, తుప్పును తోసుకుని వచ్చేస్తుంది. వెనక్కి పోవడానికి స్ప్రింగు బలమే గతి. అది చాలదు.

పొద్దున్నే ఒకసారి "టప్"మని ఊడి తర్వాత హాయిగా తిరిగితే షూ అంటుకున్నట్టు. బండి నడుస్తున్నంతసేపూ ఒక చక్రం కాలుతుంటే కేబులునో లోపలి లివరునో చూడాలి. ఇది తెలియక రెండు నెలల పెట్రోలు, ఒక జత షూలు పోగొట్టుకున్నాను.

మొదటిసారి కంపెనీది కాకుండా బయట దొరికే కేబులు వేయించాను, 450 రూపాయలు. కంపెనీది అప్పట్లో 1,150 చెప్పారు, అదీ వారం ఆగమన్నారు. పిసినారితనం. ఆ కేబులు వేలెడు పొడవెక్కువ ఉన్నట్టుంది, లివరు దగ్గరి నట్టు చివరిదాకా బిగించినా పన్నెండో టక్కుకు గానీ పట్టేది కాదు. కొత్త బండప్పుడు ఆరేడుకే పట్టేది. రబ్బరు టోపీ వదులుగా ఉండి మళ్లీ నీళ్లు దిగాయి. పద్నాలుగు నెలలకు మళ్లీ అదే కమురు వాసన.

2023లో కుడి ఎడమ రెండూ కంపెనీవే వేయించాను. భాయ్ ముందు డ్రమ్ము లోపల షూల సందు సరిచేసి, ఆ తర్వాతే కేబులు నట్టు పట్టాడు. చాలామంది షూలు అరిగిపోతే లోపల చూడకుండా పైన నట్టు బిగించేస్తారు, దాంతో షూ ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటూనే ఉంటుందట. షూ అంచులు వాటి వెనకుండే రేకు పళ్లేన్ని తాకే చోట వేడికి కరగని గ్రీజు చిటికెడు పూశాడు, లైనరుకు ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు.

ఇప్పటికి 31,000 కిలోమీటర్లు. ఏడో టక్కుకు పడుతుంది, దించితే చక్రం వేలితో తిరుగుతుంది, మైలేజీ 16కు వచ్చింది. వాకిట్లో వాలుకు ఆపుతుంది. వంక పెట్టాలంటే, వాన రాత్రి లాగి పెడితే పొద్దున ఆ "టప్" ఇంకా వినిపిస్తుంది. డ్రమ్ము బ్రేకున్న బండికి అది తప్పదు. అందుకే వానలప్పుడూ, ఊరెళ్లి నాలుగు రోజులు వదిలేసేటప్పుడూ ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగను. గేరులో పెట్టి, వెనక చక్రాల కింద నాపరాయి ముక్కలు రెండు తోస్తాను. డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి, కడపలో రాయికేం కరువు. వాటర్ వాష్ చేయించిన రోజు ఒక కిలోమీటరు మెల్లగా బ్రేకు తొక్కుతూ నడిపి, డ్రమ్ములు ఆరాకే ఇంటి ముందు పెడతాను.

మొన్న సర్వీసులో కుడి వైపు లైనరు సగానికి అరిగిందన్నారు. దసరా లోపు మార్పించాలి. బామ్మర్ది తనే తీసుకెళతానంటున్నాడు గానీ, తాళం నా దగ్గరే పెట్టుకున్నాను.