గోడ లేని బాత్రూం, అడగని సర్వీస్ ఛార్జి: ముంబయిలో బొటిక్ హోటల్ బస

గదికీ బాత్రూంకీ మధ్య గోడ తీసేసి అద్దం పెట్టినవాడెవడో గానీ, అత్తగారిని వెంటబెట్టుకుని ఎప్పుడూ ఊరెళ్లి ఉండడు. దక్షిణ ముంబయిలో, కాలా ఘోడా వెనక సందుల్లో మేం దిగింది బొటిక్ హోటల్, అంటే కొద్ది గదులతో, అలంకారానికి పెద్దపీట వేసే చిన్న హోటల్. దాని గది అలాంటిదే. పాతకాలపు భవనం, ఎత్తైన సీలింగు, నలుపు తెలుపు గళ్ల నేల, మంచం వెనక గోడ నిండా బొమ్మ. ఫొటోల్లో ఎంత బాగుందో అంత బాగానూ ఉంది. కాకపోతే మంచం మీద కూర్చుంటే షవరూ కమోడూ ఎదురుగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్నదల్లా నిలువెత్తు గాజు పలక.

అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేంటమ్మాయ్, తలుపుంది గానీ గోడేదీ?" అన్నారు. మా ఆయన వినిపించనట్టు సూట్‌కేసు తెరుస్తూ కూర్చున్నారు.

రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, "బ్లైండ్ ఉంది మేడమ్, రిమోట్ నొక్కితే దిగుతుంది" అన్నారు. బ్లైండ్ అంటే గాజుకి అడ్డంగా పైనుంచి దిగే తెర. నొక్కాం. దిగింది, సగానికి వచ్చి ఆగింది. బ్యాటరీలు మార్చారు. ఒక కుర్రాడు స్టూలెక్కి పైన ఏదో కదిపి చూసి, రేపు బాగుచేస్తామని చెప్పి వెళ్లిపోయాడు. వేరే గది అడిగితే అన్నీ ఇదే డిజైన్ అట. ఇక చేసేదేముంది, ఒకరు బాత్రూంలోకి వెళ్తే మిగతా ఇద్దరం వరండాలోకి. అక్కడ మఖ్మల్ సోఫా ఒకటుంది. ఊరికే అలంకారానికి పెట్టినట్టున్నారు, తెల్లవారుజామున దాన్ని వాడింది మేమే.

మర్నాడు హౌస్‌కీపింగ్‌కి వచ్చిన పెద్దావిడ ఒక్కసారి గాజు వైపు, ఒక్కసారి అత్తయ్య వైపు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లింది. పది నిమిషాల్లో ఉతికిన దుప్పటి, ఆఫీసుల్లో కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పులు నాలుగు తెచ్చి, ఆగిపోయిన బ్లైండ్ అంచుకి దుప్పటిని బిగించేసింది. రిసెప్షన్లో ఇంతమందికి తట్టని ఉపాయం. మరాఠీ, తెలుగు కలిపి ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, అత్తయ్య మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. ఆ హోటల్లో నేను మనస్ఫూర్తిగా టిప్ ఇచ్చింది ఆవిడకే.

ఇంతకీ దీనికి మేం కట్టింది రాత్రికి 11,500, అదనపు మంచానికి 2,000. పైన 18 శాతం జీఎస్టీ 2,430. మొత్తం 15,930 రూపాయలు. గది అద్దె 7,500 దాటితే పన్ను 18 శాతం. ఆ లోపు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంటే 7,400 గది పన్నుతో కలిపి 7,770కి వస్తే, 7,900 గది 9,322 అవుతుంది. బుకింగ్ సైట్లలో పైకి కనిపించే అంకె చూసి పోల్చుకోకండి, పన్నుతో కలిపిన చివరి అంకె చూడండి.

గదిలో దీపాలు ఆరున్నాయి, ఒక్కటీ పనికొచ్చే వెలుగివ్వదు. అత్తయ్య బీపీ మాత్ర పేరు ఫోన్ టార్చి వేసి చదివాను.

రాత్రి భోజనం కింద రెస్టారెంట్లోనే చేశాం. రుచి ఫరవాలేదు. బిల్లు మాత్రం ఇలా ఉంది: తిండి 3,840, సర్వీస్ ఛార్జి పది శాతం 384, ఆ రెండూ కలిపిన మొత్తం మీద మళ్లీ జీఎస్టీ. వెరసి 4,984. ఖరీదైన గదులున్న హోటళ్ల రెస్టారెంట్లలో తిండి మీదా 18 శాతం పడుతుంది, దానికి నాకు పేచీ లేదు. కానీ సర్వీస్ ఛార్జిని అడక్కుండా బిల్లులో కలపకూడదని, కలిపి దాని మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. తీసేయమంటే మేనేజర్ "మా పాలసీ మేడమ్" అన్నాడు. "నాలుగొందల కోసం గొడవెందుకే" అని మా ఆయన గొణిగారు. "ఒరేయ్, నువ్వూరుకో. బాత్రూంకి గోడ కట్టలేదు గానీ సర్వీసుకి డబ్బులా?" అని అత్తయ్య అందుకున్నారు. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలుపుతుంటే కొత్త బిల్లు వచ్చింది: 4,531. వడ్డించిన అబ్బాయి చేతికి విడిగా 300 ఇచ్చాం, ఎందుకంటే తప్పు అతనిది కాదు.

హోటల్ ఉన్న చోటుకి మాత్రం వంక పెట్టలేం. పొద్దున్నే ఓవల్ మైదానం దాకా నడిచి వెళ్లొచ్చు. ఒక పక్క హైకోర్టు, యూనివర్సిటీ, 1878లో పూర్తయిన రాజాబాయి టవర్. ఎదురు పక్క వంపు తిరిగిన బాల్కనీలతో, ఆర్ట్ డెకో అనే గత శతాబ్దపు శైలిలో కట్టిన ఇళ్లు. ఈ రెండు పక్కల కట్టడాలనీ కలిపి యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మధ్యలో పిల్లల క్రికెట్. మా ఆయన మూడ్ బాగుపడింది అక్కడే. తిరిగొస్తూ ఒక ఇరానీ కేఫ్‌లో ముగ్గురికీ బన్ మస్కా (వెన్న రాసిన బన్ను), చాయ్: 270 రూపాయలు. హోటల్లో అద్దెతో పాటు ఇచ్చిన బ్రేక్‌ఫాస్ట్ కంటే నాకు ఇదే నచ్చింది. అత్తయ్య రెండో చాయ్ కూడా తాగారు. గేట్‌వే, మెరీన్ డ్రైవ్ చూశాం, ఏ ఇబ్బందీ లేదు. ఎలిఫెంటా గుహలు సోమవారం మూసేస్తారు, ప్లాన్ వేసుకునేటప్పుడు చూసుకోండి.

ఎయిర్‌పోర్టు నుంచి కారు పంపుతామని హోటల్ వాళ్లు 3,500 అడిగారు. వద్దని టెర్మినల్ 2 దగ్గర మెట్రో ఆక్వా లైన్ ఎక్కి హుతాత్మా చౌక్‌లో దిగాం. ఆ లైన్‌లో గరిష్ఠ టికెట్టే 70 రూపాయలు. దక్షిణ ముంబయిలో ఆటోలు తిరగవు. దగ్గర దూరాలకి నలుపు పసుపు టాక్సీ ఎక్కండి. మేం వెళ్లినప్పుడు కనీస ఛార్జి 31, మీటరు వేస్తారు.

చెకౌట్ ఉదయం 11కి, మా ఫ్లైట్ రాత్రికి. సాయంత్రం నాలుగు దాకా గది ఉంచుకోవాలంటే సగం అద్దె కట్టాలన్నారు. సామాను మాత్రం ఉచితంగానే పెట్టుకున్నారు. సాయంత్రం దాకా ఛత్రపతి శివాజీ మ్యూజియంలో తిరిగాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇలాంటి హోటల్‌కి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి, బాత్రూంకి గోడ ఉందా అని నోరు తెరిచి అడగండి. అవతలివాళ్లు నవ్వితే ఇంకో హోటల్ చూసుకోండి.