ఆర్‌టీఎక్స్ 3070కి సీసోనిక్ 650 వాట్ల సప్లై: వైజాగ్‌లో నాలుగేళ్లు వాడాక

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నా కంప్యూటర్‌కి 2021లో సీసోనిక్ ఫోకస్ జీఎక్స్-650 పవర్ సప్లై (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3070, ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. మాఘం, వైశాఖం, శ్రావణం వస్తే రాత్రంతా రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారుచేయడం) నడుస్తూనే ఉంటుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మండపంలో వెలుతురు చాలదు కాబట్టి ఆ ఫుటేజీ మీద నాయిస్ రిడక్షన్ (చీకటి ఫుటేజీలో కనిపించే చుక్కలను తగ్గించే ఎఫెక్ట్) వేయాలి. అది వేయగానే కార్డు పూర్తి లోడుకు వెళ్తుంది. ఇన్నేళ్లలో రెండర్ మధ్యలో ఈ సప్లై ఒక్కసారి కూడా చేతులెత్తేయలేదు. ఇదే డబ్బుతో మళ్లీ కొనమన్నా ఇదే కొంటాను.

ధర దగ్గర చాలామంది ఆగిపోతారు. అవే వాట్లు రాసి ఉన్న చవక సప్లై సగం ధరకు కూడా దొరుకుతుంది. కానీ ఆ రెండు డబ్బాల పక్కనున్న స్టిక్కర్లు చదివి చూడండి. నా పాత సప్లై కేబినెట్‌తో పాటే వచ్చింది, దాని మీద పెద్దక్షరాల్లో 500 వాట్లని ఉండేది. స్టిక్కర్ పట్టికలో 12 వోల్టుల గడి దగ్గర మాత్రం 25 ఆంపియర్లే. 12ని 25తో గుణిస్తే 300 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్ల లెక్క, దానితో గ్రాఫిక్స్ కార్డుకు దాదాపు పనే లేదు. కార్డుకూ ప్రాసెసర్‌కూ కావాల్సిన కరెంటు ఇంచుమించు అంతా 12 వోల్టుల లైను నుంచే వస్తుంది. పాత చిన్న కార్డుతో అది ఎలాగో నెట్టుకొచ్చింది. 3070 పెట్టి రెండర్ మొదలుపెట్టగానే మిషన్ ఠక్కున ఆగిపోయేది. ఎర్రర్ లేదు, నీలి తెర లేదు, స్విచ్ కట్టేసినట్టే. జీఎక్స్-650 స్టిక్కర్ మీద అదే గడిలో 54 ఆంపియర్లుంటుంది, అంటే 648 వాట్లు. పేరులో ఉన్న వాట్లన్నీ పనికొచ్చే చోటే ఉన్నాయన్నమాట.

ఇక 650 ఎందుకు? 3070 తీసుకునేది 220 వాట్లు. 5800ఎక్స్ మామూలు సెట్టింగుల్లో గరిష్ఠంగా 142. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 50, 60 వేసుకోండి. మొత్తం 420 చుట్టూ వస్తుంది. మరి 450 చాలదా అని నన్ను చాలామంది అడిగారు. చాలదు. ఆ 220 అనేది సగటు. లోడు మారినప్పుడు మిల్లీ సెకన్ల పాటు కార్డు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. మన కంటికి, మామూలు మీటరుకు అది కనిపించదు, సప్లైలోని ఓవర్ కరెంట్ రక్షణకు మాత్రం తెలుస్తుంది, వెంటనే కట్టేస్తుంది. ఎన్విడియా ఈ కార్డుకు 650 వాట్ల సప్లై సూచించింది. అది అమ్మకం కోసం పెంచి చెప్పిన సంఖ్య కాదు.

కేబుళ్ల గురించి ఒక మాట. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు అందుతాయి. నా కార్డుకు రెండు 8 పిన్లున్నాయి. ఒకే కేబుల్‌కున్న రెండు కొసలూ గుచ్చేయకుండా సప్లై నుంచి రెండు వేరు కేబుళ్లు లాగాను. మాడ్యులర్ సప్లై (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునేది) కదా అని వేరే బ్రాండు కేబుల్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి. కార్డు వైపు పిన్ల వరుస ఒకటే అయినా సప్లై వైపు ఒక్కో కంపెనీది ఒక్కో వరుస. వరుస తప్పితే డిస్కుల్లాంటివి కాలిపోవచ్చు.

మన ఊరి గాలి సంగతి వేరే చెప్పాలి. మాది ఎంవీపీ కాలనీ. బాల్కనీ గ్రిల్లుకు ఏటా రంగు వేసినా తుప్పు ఆగదు, ఏసీ బయటి యూనిట్లదీ అదే పరిస్థితి. ఆ ఉప్పు తేమలో దుమ్ము పొడిగా ఉండదు, జిగురుగా అంటుకుంటుంది. అందుకే సప్లై కింద ఉండే ఫిల్టర్‌ను తరచూ కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెడతాను. సప్లైని మాత్రం విప్పను, మీరూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. దీనికి హైబ్రిడ్ ఫ్యాన్ బటన్ ఉంది. అది నొక్కితే లోడు తక్కువున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోతుంది. చలికాలంలో హాయిగా ఉంటుంది. మార్చి నుంచి నేను దాన్ని ఆఫ్‌లో పెట్టి, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా ఉంచుతాను. సీలింగ్ ఫ్యాను చప్పుడులో ఇది వినపడనే వినపడదు.

అసలు టెన్షన్ తుఫాన్ల నెలల్లో. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. సప్లై ఎంత మంచిదైనా ముందున్న యూపీఎస్ చిన్నదైతే లాభం లేదు. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు, యూపీఎస్ డబ్బా మీద రాసే సామర్థ్యం) యూపీఎస్ చాలావాటిలో నిజంగా ఇచ్చేది 360 వాట్లే. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే ఓవర్‌లోడ్ అని కీచుమని అదే ముందు పడుకుంటుంది. అందుకని 660 వాట్లు ఇచ్చే 1100 వీఏది తెచ్చాను. ప్రాజెక్టు సేవ్ చేసి మిషన్ కట్టేయడానికి ఆ కాసేపు చాలు. ఇంకొకటి, పాత అపార్టుమెంట్లలో ఎర్తింగ్ సరిగా లేక కేబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటుంది. సప్లై పాడైందని కంగారు పడతారు. సప్లై లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే ఆ కాస్త లీకేజీ ఎర్త్ పిన్ ద్వారా పోవాలి, ఆ దారి లేకపోతే కేబినెట్ మీదకొస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ చూపించండి.

కార్డు మార్చే ఆలోచనలో ఉన్నాను. ఆర్‌టీఎక్స్ 5070 తీసుకునేది 250 వాట్లు, దానికీ 650 సప్లైనే సూచిస్తున్నారు. ఆ కార్డుకున్న కొత్త రకం పవర్ కనెక్టర్‌కి కార్డుతో వచ్చే అడాప్టర్ పెడితే ఇదే నడుస్తుంది. 5070 టీఐ అయితే 300 వాట్లు, 750 సప్లై కావాలి. దీని వారంటీ పదేళ్లు, ఇంకా సగం పైనే మిగిలి ఉంది. కాబట్టి 5070 వైపే మొగ్గుతున్నాను.