టెర్సర్: కొన్నేళ్ళ వాడకం తర్వాత

జావాస్క్రిప్ట్ ఫైళ్ళను సర్వర్‌కు ఎక్కించే ముందు కుదించడానికి నేను కొన్నేళ్ళుగా టెర్సర్‌నే వాడుతున్నాను. అగ్లిఫై-ఈఎస్ అనే పాత కుదింపు సాధనం నిర్వహణ ఆగిపోయాక 2018లో దాని నుంచి విడిగా మొదలైన ఈ ఉచిత సాధనం, ఫైళ్ళను ఒకచోట కూర్చే వెబ్‌ప్యాక్ 5తో పాటే వస్తుంది కనుక, పేరు తెలియకుండానే దీన్ని వాడుతున్నవారూ ఉంటారు.

ఖాళీలు, వ్యాఖ్యలు తీసేయడం ఏ సాధనమైనా చేసే పనే. టెర్సర్ మాత్రం కోడ్ నిర్మాణాన్ని విడదీసి చూసి తిరిగి రాస్తుంది: ట్రూ ఉన్నచోట !0 పెడుతుంది, ఇఫ్-ఎల్స్‌ను వీలైతే టెర్నరీగా (?, : గుర్తులతో రాసే పొట్టి రూపంగా) మారుస్తుంది, ఎన్నటికీ అమలు కాని భాగాలను తొలగిస్తుంది, ఫంక్షన్ లోపలి వేరియబుల్ పేర్లను ఒకటి రెండు అక్షరాలకు తగ్గిస్తుంది. మామూలు స్క్రిప్టుల్లో పైస్థాయి పేర్లను (ఏ ఫంక్షన్ లోపలా లేనివాటిని) మనం అడగనిదే ముట్టుకోదు, ఎందుకంటే పక్క ఫైలు వాటిని వాడుతుండవచ్చు. దీన్ని ఇన్నేళ్ళు నమ్మడానికి కారణం ఈ జాగ్రత్తే.

ఆబ్జెక్టుల ప్రాపర్టీ పేర్లను కుదించే ఐచ్ఛికం కూడా ఉంది కానీ, దాన్ని ఆన్ చేయవద్దనే నా సలహా. సర్వర్ నుంచి వచ్చే జేసన్ డేటాలోని పేర్లు మారవు, కోడ్‌లోని పేర్లు మారిపోతాయి; అప్పుడు విలువలన్నీ అన్‌డిఫైన్డ్ అవుతాయి. క్లాసు పేరును బట్టి నడిచే కోడ్ ఉంటే ఆ పేర్లను అలాగే ఉంచే కీప్ క్లాస్‌నేమ్స్ అమరిక తప్పనిసరి. కన్సోల్‌కు రాసే పిలుపులను తీసేసే డ్రాప్ కన్సోల్‌ను ట్రూ చేస్తే లాగ్‌లతో పాటు ఎర్రర్ సందేశాలు కూడా పోతాయి కాబట్టి, తీసేయదగ్గ ఫంక్షన్ల జాబితా అయిన ప్యూర్ ఫంక్స్‌లో కన్సోల్ లాగ్ ఒక్కదాన్నే పేర్కొనడం మేలు.

తెలుగు వాక్యాలను స్క్రిప్టులోనే ఉంచేవారు ప్రత్యేకంగా చూడవలసిన విషయం ఒకటి ఉంది. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న అక్షరం లేదా గుర్తుకు) 3 బైట్లు పడతాయి. దాన్ని ఆస్కీ ఎస్కేప్‌గా, అంటే \u0C24 వంటి ఇంగ్లిషు అక్షరాలు, అంకెల రూపంలో రాస్తే 6 అవుతాయి. ‘తెలుగు’ అన్న మాటలో గుణింత గుర్తులతో కలిపి 6 కోడ్‌పాయింట్లు ఉన్నాయి, అంటే 18 బైట్ల మాట 36 అవుతుంది. టెర్సర్‌లో ఆస్కీ ఓన్లీ అనే అమరిక మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది కనుక మన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే మిగులుతాయి. ఇలాంటి మరో సాధనం ఈఎస్‌బిల్డ్ ఎంతో వేగవంతమైనదే అయినా, క్యార్‌సెట్ అనే అమరికను యూటీఎఫ్-8గా చెప్పకపోతే వాటిని ఎస్కేప్ చేస్తుంది. పేజీ కూడా యూటీఎఫ్-8గానే ప్రకటించి ఉండాలి, లేకుంటే అక్షరాలు చెదిరిపోతాయి.

పరిమాణాన్ని పోల్చేటప్పుడు సర్వర్ ఫైళ్ళను పంపేటప్పుడు చేసే జీజిప్ లేదా బ్రోట్లీ కుదింపు తర్వాతి అంకెనే చూడాలి. పదేపదే వచ్చే పొడవాటి పేర్లను అవి ఎలాగూ కుదిస్తాయి కాబట్టి, పేర్లు తగ్గించడం వల్ల డిస్కు మీద కనిపించే లాభమంతా నెట్‌వర్క్ మీద ఉండదు. పనికిరాని కోడ్‌ను తొలగించడం వల్ల వచ్చే లాభమే నిలుస్తుంది.

లోపమల్లా వేగమే. పెద్ద ప్రాజెక్టుల్లో బిల్డ్ సమయంలో కొట్టొచ్చినట్టు కనిపించే వాటా దీనిదే. కోడ్‌ను ఎన్నిసార్లు కుదించాలో చెప్పే పాసెస్ సంఖ్య పెంచితే నిరీక్షణ పెరుగుతుంది తప్ప, నా ప్రాజెక్టుల్లో పరిమాణం పెద్దగా తగ్గలేదు. కుదించిన కోడ్‌లోని స్థానం అసలు కోడ్‌లో ఎక్కడిదో చెప్పే సోర్స్ మ్యాప్‌ను ప్రతి విడుదలకూ తయారు చేసి భద్రపరచండి, లేదంటే వాడుకరి పంపిన ఎర్రర్‌లో ఒకటో వరుస, ఏదో వేల సంఖ్యలో నిలువు స్థానం తప్ప మరేమీ తెలియదు. వెబ్‌ప్యాక్ ద్వారా వాడితే లైసెన్స్ వ్యాఖ్యలు వేరే టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. ఇతరుల లైబ్రరీలు వాడుకున్నవారు దాన్ని కూడా సర్వర్‌కు ఎక్కించాలి.