మెట్ల దారి స్టీలు తలుపు, ఫ్లాటు చెక్క తలుపు: ఏళ్లు వాడాక ఫైర్ డోర్ల గురించి

ముందే మార్కులు. మెట్ల దారికీ లిఫ్టు లాబీకీ ఉన్న, మంటను 120 నిమిషాలు ఆపుతాయని రేటింగ్ ఇచ్చిన స్టీలు ఫైర్ డోర్లకు పదికి ఆరు. ఫ్లాటు ముఖద్వారాలకు పెట్టిన 60 నిమిషాల చెక్క తలుపులకు ఎనిమిది. ప్రతి అంతస్తులోనూ ఉండే కరెంటు డక్టు (కేబుళ్లు పైకి వెళ్లే గూడు) తలుపులకు మూడు, అదీ కనికరించి. బెంగళూరు అపార్ట్‌మెంటులో ఇవన్నీ ఏళ్లుగా రోజూ తెరుస్తూ మూస్తూ ఉన్నవే. షోరూములో చూసినప్పుడు మూడూ బాగానే కనిపిస్తాయి, తేడా వాడకంలో బయటపడుతుంది.

తలుపు మీద రాసిన నిమిషాలు ఎలా వస్తాయో తెలిస్తేనే ఈ మార్కులు అర్థమవుతాయి. తలుపు రెక్కను ఒక్కదాన్నే పరీక్షించరు. ఫ్రేము, బందులు, తాళం, సీళ్లు అన్నీ బిగించిన పూర్తి సెట్టును కొలిమికి అమర్చి మంట పెడతారు. కొలిమి వేడి అరగంటకు సుమారు 842 డిగ్రీలు, గంటకు 945, రెండు గంటలకు 1049 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అంతసేపూ మంట అవతలికి దాటకుండా ఉండటం ఒక పరీక్ష. అవతలి ముఖం వేడెక్కకుండా ఉండటం ఇంకో పరీక్ష. ఈ రెండోదాంట్లో వేడి సగటున 140 డిగ్రీలకు, ఏ ఒక్క చోటైనా 180 డిగ్రీలకు మించి పెరగకూడదు. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి 'టూ అవర్ డోర్' అంటారు.

మా స్టీలు తలుపులకు మార్కులు తగ్గింది ఇక్కడే. 46 మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా 1.2 మిల్లీమీటర్ల జీఐ రేకు, లోపల తేనెపట్టు గళ్ల కాగితం. ఇలాంటి తలుపు రెండు గంటలు మంటను ఆపుతుందేమో గానీ వేడిని ఆపదు. దాని పక్క నుంచే మెట్లు దిగాల్సినవాళ్లకు ఆ రేకే పొయ్యి మీది పెనమవుతుంది. జనం దాటి వెళ్లే చోట రాక్‌వుల్ లాంటి వేడి నిరోధక పదార్థం నింపిన తలుపే తీసుకోవాలి. టెస్ట్ రిపోర్టులో వేడి నిరోధం ఎన్ని నిమిషాలో విడిగా రాసి ఉంటుంది. ఆ అంకె కోసమే వెతకండి.

పొగ సంగతి వేరే. ఫ్రేము గాడిలో ఉండే, వేడికి ఉబ్బే పట్టీ దాదాపు 200 డిగ్రీల దగ్గర గానీ ఉబ్బి సందును పూడ్చదు. పొగ అంతకు చాలా ముందే వస్తుంది. దాన్ని ఆపేది తలుపు అంచున అమర్చే బ్రష్షు సీలో రబ్బరు సీలో. 2010 ఫిబ్రవరి 23న బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ భవనంలో మంట కరెంటు డక్టులో మొదలైంది, పొగ పై అంతస్తులను కమ్మేసింది, తొమ్మిది మంది పోయారు. ఈ ఊళ్లో ఉంటూ పొగ సీలు లేని తలుపును ఫైర్ డోర్ అని కొనడం సరికాదని మా గట్టి అభిప్రాయం.

వాడకంలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది డోర్ క్లోజర్, అంటే తెరిచిన తలుపును దానంతటదే మూసే పెట్టె. మూసుకోని తలుపుకు రేటింగ్ సున్నా. వారానికోసారి ఇలా చూడాలి: తలుపును పూర్తిగా తెరిచి వదలండి, తర్వాత సగం తెరిచి, చివరికి బెత్తెడు మాత్రమే తెరిచి వదలండి. మూడుసార్లూ తాళం నాలుక టక్కుమని ఫ్రేములో పడాలి. ఎక్కువ తలుపులు మూడోదాంట్లోనే తప్పుతాయి. దగ్గరిదాకా వచ్చి, నాలుక ఫ్రేము రేకును తాకి, అక్కడే ఆగిపోతాయి. క్లోజర్ మీద రెండు స్క్రూలుంటాయి, ఒకటి మొత్తం వేగానికి, ఒకటి చివరి విసురుకు. రెండోదాన్ని కొద్దికొద్దిగా, పావు చుట్టుకు మించకుండా వదులు చేస్తూ మళ్లీ చూడాలి. దాంతో పని కాకపోతే ఫ్రేములో నాలుక పడే పళ్లేన్ని సరిచేయాలి. పెట్టె కింద నూనె మరక కనబడితే బాగుచేయించకండి, మార్చేయండి. ఫైర్ డోరుకు 3వ సైజు క్లోజరు కనీసం. దాని హద్దు 950 మిల్లీమీటర్ల వెడల్పు, 60 కిలోల బరువు. మా స్టీలు రెక్కలకు అది చాలలేదు, 4వ సైజు వేశాకే దారికొచ్చాయి.

ఇల్లు మారేవాళ్లు, నీళ్ల క్యాన్లవాళ్లు లిఫ్టు లాబీ తలుపుకు ఇటుక అడ్డం పెడతారు. నోటీసులు అంటిస్తే ఎవరూ ఆగలేదు. చివరికి పని చేసింది, ఫైర్ అలారం ప్యానెల్‌కు కలిపిన 24 వోల్టుల అయస్కాంతం. తలుపు తెరిచే ఉంటుంది, అలారం మోగినా కరెంటు పోయినా అయస్కాంతం వదిలేస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఈ మొత్తం సరంజామాలో డబ్బుకు తగిన పని చేసిన వస్తువు ఇదే.

చెక్క తలుపుల బలం అవి వేడిని ఆపడంలో ఉంది, బలహీనత వానాకాలంలో. రెక్కకూ ఫ్రేముకూ మధ్య పైనా పక్కలా 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, 4 దాటకూడదు. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్క దూరాలి, 4 కన్నా మందమైనది దూరకూడదు. వానలకు రెక్క ఉబ్బి పట్టేస్తే వడ్రంగి వెంటనే చిత్రిక పడతానంటాడు. ఆపండి. చాలాసార్లు పై బందు స్క్రూలు వదులై రెక్క వాలి ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. చిత్రిక పడితే ఎండాకాలానికి సందు 6 మిల్లీమీటర్లవుతుంది, ఉబ్బే పట్టీ అంత దూరం పూడ్చలేదు. రెక్క అంచులోనే పట్టీ ఉంటే చిత్రికతో అది కూడా పోతుంది. పెయింటర్లు బ్రష్షు సీలు మీద కూడా రంగు లాగేస్తారు. ఎండాక ఆ బ్రష్షు పుల్లల్లా బిగుసుకుపోతుంది, పొగ దాటుతుంది. సీలు ధర తక్కువే, మార్పించుకోండి.

స్మార్ట్ లాక్ పెట్టించుకునేవాళ్లకు ఒక మాట. దానికోసం రెక్కలో తొలిచే గుంత పరీక్షలో లేని గుంత. తలుపు తయారీదారు ఒప్పుకున్న తాళమే వేయించి, తాళం పెట్టె చుట్టూ ఉబ్బే షీటు చుట్టించండి. బందులు స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి, కనీసం మూడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది.

డక్టు తలుపులకు మూడే ఎందుకంటే, ఇంటర్నెట్ కేబుల్ వేసేవాళ్లు తెరిచి వదిలేస్తారు, గడియ వంగిపోతుంది, లోపల స్లాబుకు కొట్టిన కన్నాలు పూడ్చకుండా ఉంటాయి. ఆ కన్నాలను ఫైర్ సీలెంటుతో మూయకపోతే ఎంత మంచి తలుపైనా దండగే.

కొత్తగా కొనేవాళ్లు ఫైర్ డోర్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 3614 ప్రకారం చేసిన పూర్తి టెస్ట్ రిపోర్టు అడగండి, ఒక పేజీ సర్టిఫికెట్ చాలదు. రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) లాంటి ల్యాబులు ఈ పరీక్షలు చేస్తాయి. పరీక్షించిన తలుపు ఎత్తు, వెడల్పు, ఒంటి రెక్కా రెండు రెక్కలా, గాజు కిటికీ ఉందా, ఇవన్నీ మీ ఆర్డరుతో సరిపోల్చండి. బిగించే రోజు దగ్గరుండి చూడాల్సింది ఫ్రేముకూ గోడకూ మధ్య సందు. మామూలు పీయూ (పాలియురెథేన్) ఫోము కొట్టి పైన పుట్టీ పూస్తే బయటికి ఏమీ తెలియదు, మంటకు మాత్రం ముందు కాలిపోయేది అదే. స్టీలు ఫ్రేములో సిమెంటు మోర్టారు నిండా దట్టించాలి. వేలితో కొడుతూ పోతే డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా మళ్లీ నింపించి, ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టండి.