జటలకు ఏ స్నానం మేలు, ఏ బిగింపు మేలు?

డ్రెడ్‌లాక్స్, అంటే వెంట్రుకలు పాయలుగా బిగుసుకున్న జటలు, వేయించుకున్న కొత్తలో చాలామంది వినే సలహా ఒకటే: తల తడపకండి, జటలు విడిపోతాయి. ఈ మాట నమ్మి మాడు పాడుచేసుకున్నవాళ్లను చూసి బాధపడ్డాను. వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకోవాలంటే వాటి మీద జిడ్డు ఉండకూడదు. మాడు నుంచి ఊరే నూనె వెంట్రుకలను జారిపోయేలా చేస్తుంది. శుభ్రంగా, పొడిగా ఉన్న వెంట్రుకకే పట్టు ఎక్కువ. మొదటి కొన్ని వారాలు నెమ్మదిగా, తల మీద పలుచని వల టోపీ వేసుకుని దాని మీదుగా కడిగితే సరిపోతుంది. కాబట్టి కడగాలా వద్దా అన్నది అసలు పోలికే కాదు. దేనితో కడగాలి, ఎలా ఆరబెట్టాలి, కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టును ఏ పద్ధతిలో బిగించాలి అన్నవే తేల్చుకోవలసినవి. ఏడేళ్లుగా జటలతో ఉన్నాను. వీటిలో చాలావరకు నా తల మీదే చేసి చూశాను కనుక నేను దేని వైపో దాచకుండా చెబుతాను.

ముందు సబ్బు బిళ్ల, ద్రవ షాంపూ సంగతి. జటల కోసమని అమ్మే బిళ్లల్లో చాలా వాటిని నూనెను క్షారంతో కలిపి చేస్తారు, అంటే అవి అచ్చంగా సబ్బులే. జిడ్డును బాగా వదలగొడతాయి, చేతిలో పట్టుకుని మాడు మీద రుద్దుకోవడం తేలిక. చిక్కు ఎక్కడంటే, సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా ఎక్కువైతే క్షారం) 9, 10 మధ్య ఉంటుంది, మాడుది 5.5 దగ్గర. అది ఒకరకంగా భరించదగినదే. రెండోది అంత తేలిక కాదు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బు వాటితో కలిసి, నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. స్నానాల గది పలకల మీద పేరుకునే తెల్లటి పొర అదే. విడి జుట్టుకు అంటితే దువ్వెనకైనా కొంత వస్తుంది. జట నడుమకు చేరితే దాన్ని బయటికి తీసే దారి దాదాపు లేదు.

ద్రవ షాంపూ ఇలా తెట్టు కట్టదు. కానీ ఏదైనా పరవాలేదని కాదు. సీసాలోంచి అటువైపు కనిపించేంత పారదర్శకంగా ఉన్నది, సిలికోన్లు (వెంట్రుక మీద నున్నటి పొరగా నిలిచే పదార్థాలు), మృదువు చేసే క్రీములు కలపనిది తీసుకోవాలి. ముత్యంలా మెరిసే చిక్కటి షాంపూలు విడి జుట్టుకు బాగుంటాయి, జటలకు అవే బరువు. షాంపూను ముందుగా నీళ్లలో కలిపి, సన్నని మూతి ఉన్న సీసాతో పాయల నడుమ మాడు మీద పోయాలి. వేళ్ల కొనలతో రుద్దాలి, గోళ్లతో కాదు. ఆ నురుగును జటల మీదుగా కిందికి జారనిచ్చి, స్పాంజిని నొక్కినట్టు నొక్కాలి. ఆ తరువాత నీళ్లు పోస్తూ నొక్కుతూనే ఉండాలి. నురుగు లేని నీరు వచ్చేదాకా, ఆ తరువాత ఇంకో రెండు నిమిషాలు. నా ఓటు దీనికే. నీళ్లు మెత్తనివైతే, అంటే కాల్షియం, మెగ్నీషియం తక్కువగా ఉంటే, బిళ్ల వాడినా తప్పులేదు.

వంటసోడా నీళ్లలో జటలను నానబెట్టడం ఇంకో పద్ధతి. సోడా క్షార గుణం వల్ల పాత జిడ్డు, దుమ్ము వదులుతాయి. పాత్రలో నీరు రంగు మారడం చూస్తే తృప్తిగానే ఉంటుంది. అయితే అదే క్షారం వెంట్రుక పైపొలుసులను లేపి పెళుసు చేస్తుంది. పైగా చాలామంది సోడా, వెనిగర్ రెండూ ఒకే పాత్రలో కలుపుతారు. పొంగు చూసి బాగా పనిచేస్తోందనుకుంటారు. నిజానికి ఆ పొంగులో సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, మిగిలేది దాదాపు ఉత్త నీళ్లే. చేయాలనుకుంటే ముందు సోడా, తరువాత శుభ్రంగా కడగడం, చివరికి బాగా పలుచన చేసిన వెనిగర్. అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు. ప్రతిసారీ సరైన షాంపూతో కడిగేవారికి ఈ అవసరమే రాదని నా అనుభవం.

ఇక జటలు బిగిసి నిలవాలని కొందరు రాసే మైనం. తేనెమైనం కరగడానికి సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడి నీళ్లు ఏ మాడూ తట్టుకోదు. కనుక షాంపూ, సోడా రెండూ దాని ముందు ఓడిపోతాయి. మొదటి ఏడాది నా జటలకు మైనం రాశారు. నాలుగేళ్ల తరువాత ఒక జటను నిలువునా కోసి చూస్తే, లోపల బూడిద రంగులో దుమ్ము పట్టిన వత్తి కనిపించింది. ఆ రోజు నుంచి, నీళ్లతో వదలనిది ఏదీ తలకు అంటనివ్వలేదు.

ఎన్నాళ్లకొకసారి? చెమట ఎక్కువైనా, చుండ్రు ఉన్నా వారానికొకసారి. చుండ్రుకు కారణమయ్యే మలసేజియా అనే శిలీంధ్రం మాడు నూనెనే తిని బతుకుతుంది, కాబట్టి అలాంటివాళ్లు కడగడం తగ్గిస్తే దానికి విందు పెట్టినట్టే. శిలీంధ్రాన్ని అణిచే కీటోకొనజోల్ అనే మందు ఉన్న షాంపూను మాడుకు మాత్రమే రాసుకోవాలి. పొడిబారే మాడైతే రెండు వారాలకొకసారి చాలు.

అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. షాంపూ మీద అంత చర్చించేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని తనలోకి పీల్చుకోగలదు. జటలో వెంట్రుకల మధ్య సందుల్లో నిలిచే నీరు అదనం. పైన ముట్టుకుంటే పొడిగా ఉంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తడి మీద బూజు పడితే ముక్కిన వాసన మొదలవుతుంది. ఆరాక తగ్గి, మళ్లీ తడవగానే తిరిగి వస్తుంది. కాబట్టి రాత్రి తలస్నానం వద్దు, ఉదయమే చేయాలి. బట్ట పిండినట్టు మెలితిప్పితే కుదుళ్లు లాగుతాయి. నాలుగైదు జటలు ఒక్కొక్కసారి పట్టుకుని, నూలు పోగులు విడవని మైక్రోఫైబర్ తువ్వాలుతో పైనుంచి కిందికి నొక్కుతూ రావాలి. గాలికి వదిలేయడమా, డ్రయ్యరా అంటే, పెన్సిలంత సన్నని జటలకు గాలి చాలు. బొటనవేలంత లావైనవి రోజంతా ఆరవు. వాటికి తక్కువ వేడితో తలంతా కప్పే డ్రయ్యరే మేలు. పూర్తిగా ఆరేదాకా కొప్పు కట్టకూడదు, టోపీ పెట్టకూడదు. ఆరబెట్టుకునే వీలు లేని రోజున స్నానం మరునాటికి వాయిదా వేయడమే మంచిది.

కుదుళ్ల బిగింపులో మూడు దారులున్నాయి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అందుకే ఈ పని నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వస్తుంది. మొదటిది, తడి కుదురును అరచేతుల మధ్య తాడు పేనినట్టు ఒకే వైపు పేనడం. మాడుకు ఇది సుఖం, జట గుండ్రంగా వస్తుంది. కాని మొదటి ఏడాది ప్రతి స్నానానికీ కొంత విడిపోతుంది. రెండోది ఇంటర్‌లాకింగ్: జట కొసను కొక్కెంతో కుదురులోంచి దూర్చి లాగడం. నీళ్లకు, చెమటకు, ఈతకు చెదరదు. మెత్తని, జారుడు జుట్టుకు ఇదే నిలుస్తుంది. ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి దూరిస్తే మాత్రం కుదురు మధ్య కన్నం పడి రెండుగా చీలుతుంది. దిక్కులు మార్చుకుంటూ పోవాలి. మూడోది క్రోషే సూదితో, అంటే అల్లికకు వాడే కొక్కెం మొన సూదితో, విడి వెంట్రుకలను లోపలికి లాగడం. అరగంటలో తల అద్దంలా తీరుతుంది, కాని సూది వెంట్రుకలను తెంపుతుంది. దాన్ని మరమ్మతుకే ఉంచాలి.

ఎక్కువమందికి పేనడమే మేలు, రోజూ ఈత కొట్టేవారికీ మెత్తని జుట్టు వారికీ ఇంటర్‌లాకింగ్. ఏది ఎంచుకున్నా, బిగించిన రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, నుదుటి అంచున చిన్న పొక్కులు లేస్తే, అది అతి బిగింపు. అది నెలల తరబడి కొనసాగితే లాగుడు వల్ల జుట్టు రాలి, కుదుళ్లు శాశ్వతంగా పోతాయి. తొలి దశలో ఆపితే తిరిగి వస్తుంది.

ఇప్పటికే ఒక కుదురు దారంలా పలుచబడి ఉంటే, ఆ జటను కత్తిరించడమా, పక్కదానితో కలపడమా? బరువు మోయలేని కుదురుకు ఒంటరిగా వేలాడే జట శిక్షే. నేనైతే రెండింటినీ కుదురు దగ్గర కలిపేసి, ఆ చోటును మూడు నెలలు ఎవరినీ బిగించనివ్వను.