జింబాబ్వే మెట్టపొలంలో ఏది మేలు: మొక్కజొన్నా, జొన్నా?

2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో వానలు మొహం చాటేశాయి. సరిగ్గా మొక్కజొన్న గింజ కట్టాల్సిన సమయం. జాంబియాలో వేసిన సుమారు 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షల హెక్టార్లు పోయాయి. ఆ దేశం, కొద్ది వారాల్లోనే మలావీ, జింబాబ్వే విపత్తు ప్రకటించాయి. ఆ ఏడాది ప్రధాన కారణం ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు వేడెక్కి వానలు తారుమారవడం. అయితే ఏటేటా ఎండలు ముదిరేకొద్దీ, అదే బెట్టకు పైరు ముందుకంటే తొందరగా వాడిపోతోంది.

మొక్కజొన్న పీచు తీసే రెండు వారాల్లో తడి లేకపోతే పీచు ఎండిపోయి పుప్పొడి పట్టదు. తర్వాత ఎంత వాన పడినా కండె బోసిగానే ఉంటుంది. జొన్న అలా కాదు. ఆకులు చుట్టుకుని, ఎదుగుదల ఆపి వాన కోసం కాచుకుంటుంది. పదును తగలగానే మళ్లీ లేస్తుంది.

అందుకే ఏడాదికి 650 మిల్లీమీటర్ల లోపే వాన పడే, జింబాబ్వేలోని మటబెలేలాండ్ లాంటి చోట్ల నా ఓటు జొన్నకే. జొన్న ఆఫ్రికాలోనే పుట్టిన పంట, మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా అక్కడి బులవాయో నగరం దగ్గర మటోపోస్‌లో ఏళ్ల తరబడి జొన్న మీద పనిచేసింది.

మరి రైతులు జొన్నకు ఎందుకు వెనకాడతారు? పిట్టల వల్ల. క్వేలియా అనే పిచ్చుకంత పిట్ట రోజుకు దాదాపు 10 గ్రాముల గింజ తింటుంది. పది లక్షల గుంపు వాలితే రోజుకు 10 టన్నులు! పాలకంకి నుంచి కోత దాకా తెల్లారేసరికి ఎవరో ఒకరు చేలో ఉండాలి. మంచె ఎక్కి వడిసెల తిప్పిన మన పెద్దవాళ్లకు ఆ కష్టం తెలుసు. అక్కడ పిల్లలు కూడా కాపలాకి వెళ్తారు, ఆ రోజులు బడి ఉండదు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. మొక్కజొన్న గింజకైతే పైన పొరల రక్షణ ఉంది. పైగా సంకటిలాంటి వాళ్ల సాడ్జా, మొక్కజొన్న పిండితో చేసినట్టు తెల్లగా ఉండాలనే అలవాటు పడిపోయింది.

బెట్టను తట్టుకునే మొక్కజొన్న రకాలు ఓ మోస్తరు బెట్టకు పనికొస్తాయి, 2024 లాంటి ఏడాదికి చాలవు. హైబ్రిడ్ అయితే ఏటా విత్తనం కొనాలి.

రెండెకరాలుంటే ఎకరంన్నర జొన్న వేసి, తేమ నిలిచే పల్లపు చెక్కలో స్వల్పకాలిక మొక్కజొన్న వేయమంటాను. జొన్న మాత్రం ఊరంతా ఒకేసారి విత్తాలి. ఒక్కరే వేస్తే గుంపంతా ఆ చేలోనే వాలుతుంది.