ఐపీ25: 350 పీక్‌ను ఒంటరిగా నమ్మొద్దు

సముద్రపు మంచులో బతికే డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు తయారుచేసే అణువు ఐపీ25. ఆర్కిటిక్ సముద్రగర్భ మట్టిలో దాన్ని కొలిచి పాత మంచు చరిత్ర రాబట్టే ఈ పద్ధతిని చెన్నై ల్యాబ్‌లో చాలాకాలంగా వాడుతున్నాక రాస్తున్నాను. 2007లో బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని ప్రతిపాదించినప్పటి నుంచీ వచ్చిన పొగడ్తల్లో ఎక్కువ భాగం నిజమే. ద్విబంధం ఒక్కటే కాబట్టి అణువు మట్టిలో లక్షల ఏళ్ళు నిలుస్తుంది. అయిదు గ్రాముల ఎండిన మట్టి సరిపోతుంది. అణువుల్ని విడదీసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే జీసీ-ఎంఎస్ మెషీన్లలో మామూలు సింగిల్ క్వాడ్రుపోల్ రకం చాలంటారు. నా కోపమంతా ఆ చివరి మాట మీదే.

ఎంచుకున్న ద్రవ్యరాశుల్ని మాత్రమే కొలిచే సిమ్ మోడ్‌లో 350 అయాన్‌ను ఐపీ25 కోసం, 348ని రెండు ద్విబంధాలున్న దాని చుట్టం డైయీన్ కోసం చూస్తాం. హెచ్‌పీ-5ఎంఎస్ తరహా కాలమ్ (అణువుల్ని విడదీసే సన్నటి గొట్టం) మీద ఈ రెండూ దాదాపు ఒకే క్షణంలో బయటికొస్తాయి. ద్రవ్యరాశి వేరు కదా, ఇబ్బందేముంది అనిపిస్తుంది. కానీ ప్రకృతిలోని కార్బన్‌లో 1.1 శాతం కార్బన్-13, అంటే మామూలు కార్బన్ కన్నా ఒక యూనిట్ బరువైనది. డైయీన్‌లో పాతిక కార్బన్లున్నాయి. వాటిలో ఏ రెండైనా కార్బన్-13 అయితే ఆ అణువు 350 దగ్గరే తేలుతుంది. లెక్క వేస్తే 348 పీక్‌లో మూడున్నర శాతానికి కాస్త పైన ఇలా 350లోకి జారుతుంది.

చూడ్డానికి చిన్న అంకె. 348 ఏరియా 1,00,000, 350 ఏరియా 9,000 వచ్చిందనుకోండి. అందులో సుమారు 3,600 డైయీన్‌ది, ఐపీ25 మిగిలిన 5,400 మాత్రమే. దిద్దకుండా రాస్తే అసలు విలువకు మూడింట రెండొంతులు అదనంగా చూపించినట్టు. 350 ఏరియా 3,700 దగ్గరే ఆగిపోతే ఆ మట్టిలో ఐపీ25 ఉందని చెప్పే ఆధారమే లేదు. అయినా రిటెన్షన్ టైమ్ (కాలమ్ నుంచి బయటికొచ్చే సమయం) సరిపోతుంది, పీక్ ఆకారం చక్కగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దానికి పేరు కూడా తగిలిస్తుంది. మంచు లేని కాలానికి మంచు అంటగట్టేది ఈ పీకే.

పట్టుకోవడం కష్టం కాదు. కోర్‌లోని (సముద్రగర్భం నుంచి నిలువుగా తీసిన మట్టి స్తంభంలోని) నమూనాలన్నిటికీ 350ని 348తో పోల్చి గ్రాఫ్ గీయండి. తక్కువ విలువలన్నీ సున్నా గుండా పోయే, వాలు 0.04కి లోపలున్న గీత మీద వరసగా కూర్చుంటే అవి ఐపీ25 కావు. ఇంకా నికరమైన దారి అంటార్కిటిక్ తీరపు మట్టి. అక్కడ ఐపీ25 కనబడదు, డైయీన్ మాత్రం దొరుకుతుంది. ఆ ఎక్స్‌ట్రాక్ట్‌ను మూడు గాఢతల్లో ఎక్కిస్తే మీ మెషీన్‌కి సొంత 350/348 నిష్పత్తి తెలుస్తుంది. మూడూ ఎందుకంటే, 348 పీక్ డిటెక్టర్‌ను నింపేసినప్పుడు నిష్పత్తి ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ట్యూన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోవాలి. డేటా పంచుకునేవాళ్ళు ఐపీ25 విలువతో పాటు 348 ఏరియా కూడా ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను. అది లేని పట్టికను మరొకరు సరిచూసే వీలే లేదు.

గంధకం సంగతి అందరికీ తెలిసిందే. ఆక్సిజన్ లేని మట్టి నుంచి అది ఐపీ25 ఉండే హెక్సేన్ భాగంలోకే వస్తుంది, ఐపీ25కి కాస్త ముందు వెడల్పాటి గుట్టలా లేస్తుంది. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగిన రాగి ముక్కలు వేసి, కొత్తగా వేసినవి నల్లబడడం ఆగేదాకా మారుస్తూ ఉండాలి.

చెన్నై వాతావరణం తెచ్చే చిక్కులు వేరు. మట్టి నుంచి ఈ అణువుల్ని లాగే ద్రావకంలోని డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది, ఎండాకాలంలో అల్ట్రాసోనిక్ బాత్ నీళ్ళు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. బాత్‌లో ఐస్ వేయకపోతే ద్రావకం మూత సందుల్లోంచి పోతుంది, మెథనాల్‌తో 2:1 పాళ్ళు చెదురుతాయి.

అసలు దెబ్బ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. మంచు లేని నీళ్ళలోని శైవలాలకు గుర్తుగా కొలిచే స్టెరాల్ బ్రాసికాస్టెరాల్. దాన్ని జీసీకి పనికొచ్చేలా మార్చే బీఎస్‌టీఎఫ్‌ఏ అనే రసాయనానికి తేమ తగిలితే సగంలోనే చచ్చుబడుతుంది, స్టెరాల్ తక్కువగా కనిపిస్తుంది. మంచు ఎంత ఉండేదో అంచనా వేసే పిప్25 అంటే ఐపీ25ని (ఐపీ25 + సీ × స్టెరాల్)తో భాగించగా వచ్చేది; సీ అంటే ఐపీ25 సగటుకూ స్టెరాల్ సగటుకూ ఉన్న నిష్పత్తి. స్టెరాల్ తగ్గితే పిప్25 పెరుగుతుంది, అంటే లేని మంచు పెరుగుతుంది. నష్టం అన్ని నమూనాల్లో సమానంగా ఉంటే సగటుల నుంచి తీసే సీ దాన్ని సర్దేస్తుంది. బ్యాచ్‌కో రకంగా ఉంటే సర్దలేదు. అందుకే కోర్‌ను పైనుంచి కిందికి వరసగా కాకుండా కలగలిపి బ్యాచ్‌లు చేయడం మేలు. అప్పుడు వానాకాలపు లోపం ఒకే యుగం మీద పడదు.

స్టెరాల్ బదులు 346 దగ్గరి ట్రైయీన్ వాడితే బీఎస్‌టీఎఫ్‌ఏ గొడవే లేదు. నాకు అదే నచ్చింది, కాకపోతే మూడు ద్విబంధాల వల్ల వెలుతురుకీ గాలికీ త్వరగా పాడవుతుంది. ఫ్రీజర్‌లో చీకట్లో దాచిన కోర్‌కే అది పనికొస్తుంది. ఫ్రిజ్‌లో ఏళ్ళ తరబడి పడున్న పాత కోర్ అయితే స్టెరాలే దిక్కు.

మాలా సింగిల్ క్వాడ్రుపోల్ ఒక్కటే ఉండి, అంటార్కిటిక్ మట్టి కాస్త సంపాదించుకోగలిగినవాళ్ళకు ఈ పద్ధతిని ధైర్యంగా చెబుతాను. ఆ మట్టి దొరకనివాళ్ళు 350 ఏరియా నుంచి 348 ఏరియాలో నాలుగు శాతాన్ని తీసేసి, మిగిలింది నాయిస్ కన్నా మూడు రెట్లు ఉంటేనే ఐపీ25 అని రాయడం క్షేమం. డైయీన్ మరీ ఎక్కువున్న కోర్‌లలో పిప్25 జోలికి వెళ్ళకుండా, ఐపీ25 ఉందా లేదా అన్నంతవరకే చెప్పి ఆగాలన్నది నా అభిప్రాయం. హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్ చేతిలో ఉన్నవాళ్ళ లెక్క వేరే కావచ్చు.